కొత్త ఫార్మసిస్టులకు ఉద్యోగంలో ఉంటూనే పీజీ శిక్షణ కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఫార్మసీ సీట్ల గురించి పత్రికల్లో వార్తలు వస్తాయి. ఏ కాలేజీకి అనుమతి వచ్చింది, ఎన్ని సీట్లు మిగిలాయి, ఫీజులు పెరిగాయా తగ్గాయా అని. ఆ పిల్లలు పట్టా చేతపట్టుకుని, రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, మొదటి ఉద్యోగంలో చేరాక వాళ్ల చదువు ఏమవుతోందో ఎవరూ రాయరు. నేను చాలా ఏళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫార్మసీ విభాగం బాధ్యత చూస్తున్నాను. కొత్తగా చేరిన వాళ్లకు మొదటి డ్యూటీ వేసేది, మొదటిసారి వార్డుకు తీసుకెళ్లేది నేనే. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కోరేది ఒక్కటే. ఉద్యోగంలో చేరిన తొలి రెండు మూడేళ్లలో, ఉద్యోగం మానకుండా, జీతం పోగొట్టుకోకుండా, పనిచేసే చోటే క్లినికల్ ఫార్మసీలో, అంటే రోగి పరిస్థితి చూసి మందు, డోసు సరిచూసే పనిలో, పోస్ట్‌గ్రాడ్యుయేట్ శిక్షణ పొందే దారి మన దగ్గర ఉండాలి. దానికి విశ్వవిద్యాలయం గుర్తింపు ఉండాలి. పార్ట్‌టైమ్ అనగానే పలచబడ్డ చదువు అనుకోవద్దని మొదటే మనవి చేస్తున్నాను.

ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో చెబుతాను. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని ఒక పెద్దావిడ మా దగ్గర చేరారు. వయసు 78, బరువు 40 కిలోలు. వార్డు నుంచి రక్తం పలచబరిచే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్లకు ఇండెంట్ (మందులు పంపమనే చీటీ) వచ్చింది. కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. కౌంటర్‌లో ఉన్నది అప్పుడే కోర్సు ముగించి వచ్చిన అమ్మాయి. మందు పేరు చూసింది, బలం చూసింది, ఎక్స్‌పైరీ తేదీ చూసింది, లెక్క సరిచూసుకుని ట్రేలో పెట్టింది. కౌంటర్ పనిగా చూస్తే వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

ఆ ట్రే పైకి వెళ్లకముందే నేను ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వార్డుకెళ్లి కేస్ షీట్ తెరిపించాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.0 అని ఉంది. ల్యాబు రిపోర్టులో దాని పక్కన ఏ గుర్తూ లేదు, నార్మల్ పరిధిలోనే ఉంది కాబట్టి. ఇండెంట్ కాగితం వెనక్కి తిప్పి, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో లెక్క వేయమన్నాను. 140లోంచి వయసు తీసేస్తే 62. దాన్ని బరువు 40తో గుణిస్తే 2,480. క్రియాటినిన్‌ను 72తో గుణించి దాంతో భాగిస్తే 34 చిల్లర. ఆడవాళ్లకు 0.85తో గుణించాలి కాబట్టి నిమిషానికి సుమారు 29 మిల్లీలీటర్లు. ఇది 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం. ఆ అమ్మాయి కాలేజీలో పరీక్షకు చదివినదే, నోటికి వచ్చినదే. 30 కంటే తగ్గితే ఎనాక్సాపరిన్ చికిత్స డోసు రోజుకు రెండుసార్లు కాదు, ఒక్కసారే ఇవ్వాలి. లేకపోతే మందు ఒంట్లో పేరుకుపోయి రక్తస్రావానికి దారితీస్తుంది. బక్కచిక్కిన ముసలివాళ్లలో కండ తక్కువ, అందుకే క్రియాటినిన్ మామూలుగా కనిపిస్తుంది. కిడ్నీలు మాత్రం మూడోవంతు పని కూడా చేస్తూ ఉండకపోవచ్చు. డ్యూటీ డాక్టరుగారికి లెక్క చూపించగానే ఆయన డోసు మార్చి సంతకం చేశారు. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ అమ్మాయికి సూత్రం తెలుసు, మందు తెలుసు. ఆ రెండింటినీ ఒక మనిషి మంచం పక్కన నిలబడి కలపడం ఎవరూ నేర్పలేదు. అది తరగతి గదిలో వచ్చేది కాదు. పుస్తకంలోని రోగికి ఎప్పుడూ ఒకే జబ్బు ఉంటుంది. వార్డులోని రోగికి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన మాత్రలు, వాటితోపాటు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వేసుకునే మందు ఒకటి, అన్నీ కలిసే ఉంటాయి.

మన చదువుల్లో ఈ భాగం ఎంత ఉందో చూడండి. డి.ఫార్మ్, అంటే డిప్లొమా, రెండేళ్లు. దాని తర్వాత 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్, మూడు నెలలకు తక్కువ కాకుండా. ఆ ట్రైనింగ్ చాలాచోట్ల కాగితం మీద ఎలా పూర్తవుతుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బి.ఫార్మ్ నాలుగేళ్లు. అందులో మాత్రల తయారీ, విశ్లేషణ, రసాయన శాస్త్రం, మొక్కల మందులు నిండుగా ఉంటాయి. అవన్నీ కావలసినవే, పరిశ్రమకు వెళ్లేవాళ్లకు ప్రాణం లాంటివి. ఫార్మసీ ప్రాక్టీస్ అనే పేపరు మాత్రం ఏడో సెమిస్టర్‌లో వస్తుంది. 2008లో మొదలైన ఫార్మ్.డి. (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఈ లోటు తీర్చడానికే వచ్చింది. ఆరేళ్లు, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఆ పిల్లలు కేస్ షీట్ చదవగలరు, రౌండ్స్‌లో నిలబడగలరు. కానీ వాళ్లు చేరిన ఉద్యోగంలో చేయించేది ఏమిటి? బిల్లింగ్, స్టాకు, ఇండెంట్లు, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు వెనక్కి పంపడం. రెండేళ్లు అదే పని చేస్తే ఆరేళ్లలో నేర్చినది జారిపోతుంది. అలా జారిపోవడం నేను దగ్గరగా చూస్తున్నాను. నా మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

మందుల షాపుల్లో కూర్చున్న ఫార్మసిస్టుల పరిస్థితి ఇంకా ఒంటరిది. ఆసుపత్రిలో అయితే అడగడానికి పైన ఒకరైనా ఉంటారు. షాపులో అడ్డుగోడ అవతల రోగి, ఇవతల తాను, అంతే. ఇన్సులిన్ విషయమే తీసుకోండి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే వయల్స్, 100 యూనిట్లు ఉండే పెన్ కార్ట్రిడ్జ్‌లు రెండూ దొరుకుతాయి. సిరంజిలూ రెండు రకాలు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. పెన్ పాడైందని ఎవరైనా కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి. సిరంజిలోకి వచ్చేది అర మిల్లీలీటరు. 40 యూనిట్ల ఇన్సులిన్ అయితే అది 20 యూనిట్లే. కానీ ఇది 100 యూనిట్లది కాబట్టి ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. ఆ రాత్రి షుగరు పడిపోయి మనిషి లేవకపోవచ్చు. సిరంజి అడిగిన మనిషిని "మీ దగ్గర ఉన్నది సీసానా, పెన్నా?" అని అడగాలని తట్టడం పరీక్షలో వచ్చే మార్కులతో రాదు. అనుభవం ఉన్నవాళ్లు పక్కన నిలబడి కొన్నాళ్లు నేర్పితే వస్తుంది. మెథోట్రెక్సేట్ కూడా అంతే. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సిన మాత్ర అది. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కవరు మీద "వారానికి ఒకసారి" అని రాస్తే సరిపోదు. సోమవారమో, మంగళవారమో, ఏ రోజు వేసుకుంటారో రోగి చేత చెప్పించి, ఆ రోజు పేరే రాయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించడమే లక్ష్యంగా ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. తీవ్రమైన, నివారించదగిన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలన్నారు. ప్రమాదం ఎక్కువ ఉండే పరిస్థితులు, ఒకే మనిషి చాలా మందులు వాడటం, ఒక చోటి నుంచి మరో చోటికి చికిత్స మారే సమయం, ఈ మూడింటి మీద ముందు దృష్టి పెట్టమన్నారు. ఆ మూడింటి దగ్గరా నిలబడాల్సింది ఫార్మసిస్టే. మన చట్టమూ ఆ మాటే అంటోంది. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2015లో తెచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందు గురించి వివరించడం, ప్రిస్క్రిప్షన్‌ను సమీక్షించడం ఫార్మసిస్టు విధులని స్పష్టంగా రాశాయి. 2021 సవరణలో క్లినికల్ ఫార్మసిస్టు, డ్రగ్ ఇన్ఫర్మేషన్ ఫార్మసిస్టు అనే హోదాలూ చేర్చారు. బాగుంది. మరి ఆ విధులు నిర్వర్తించడానికి రిజిస్టర్ అయిన ఫార్మసిస్టుకు ఆ నిబంధనలు అడిగే శిక్షణ ఎంత? ఐదేళ్లలో రెండు రిఫ్రెషర్ కోర్సులు, ఒక్కొక్కటి కనీసం ఒక రోజు. ఐదేళ్లకు రెండు రోజులు! అందులోనూ ఒక పూట ప్రారంభోత్సవానికి, శాలువాలకు పోతుంది.

పై చదువుకు దారి లేదా అంటే ఉంది. ఎం.ఫార్మ్ ఉంది, రెండేళ్లు. బి.ఫార్మ్ చేసినవాళ్లకు మూడేళ్ల ఫార్మ్.డి. పోస్ట్ బాకలారియేట్ ఉంది. పీజీఈసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. కానీ రెండూ ఫుల్‌టైమ్. ఎం.ఫార్మ్‌లో ప్రతి సబ్జెక్టుకూ 80 శాతం హాజరు ఉండాలి. జాతీయ స్థాయి ఫార్మసీ పరీక్ష జీప్యాట్‌లో అర్హత వచ్చినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది, రానివాళ్లకు అదీ లేదు. నా విభాగంలో పనిచేసిన ఒక అమ్మాయి చాలా చురుకైనది. డాక్టర్లు కూడా ఆమె పేరు పెట్టి పిలిచి సందేహాలు అడిగేవారు. ఫార్మసీ ప్రాక్టీస్‌లో ఎం.ఫార్మ్ చేయాలని ఆమె కోరిక. తండ్రి లేడు, తమ్ముడి చదువు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఉద్యోగం మానితే ఇల్లు గడవదు, మానకపోతే చదువు లేదు. చివరికి ఆ రెండూ కాకుండా, ఇంకాస్త ఎక్కువ జీతం ఇస్తామన్న ఒక మెడికల్ కోడింగ్ కంపెనీకి వెళ్లిపోయింది. వెళ్లేముందు నా గదికి వచ్చి, "మేడమ్, డ్యూటీ చేస్తూ చదువుకునే వీలుంటే నేను ఎక్కడికీ వెళ్లేదాన్ని కాదు" అంది. ఆమెను తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. ఒక మంచి క్లినికల్ ఫార్మసిస్టును మన ఆసుపత్రులు పోగొట్టుకున్నాయి, అంతే. ఇలాంటి వాళ్లు ప్రతి ఊళ్లో, ప్రతి ఆసుపత్రిలో ఉన్నారు.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. బ్రిటన్‌లో ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన కొత్త ఫార్మసిస్టులు పని చేసుకుంటూనే రెండు మూడేళ్లలో క్లినికల్ ఫార్మసీలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా పూర్తి చేయడం ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి. విశ్వవిద్యాలయం పాఠం చెబుతుంది, ఆసుపత్రి చేత పట్టుకుని పని నేర్పిస్తుంది, పరీక్ష ఇద్దరూ కలిసి పెడతారు. ఆ పునాది ఉంది కాబట్టే అక్కడ 2006 నుంచి ప్రత్యేక అర్హత పొందిన ఫార్మసిస్టులు స్వయంగా మందులు రాయగలుగుతున్నారు. 2026 నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యేవాళ్లకు ఆ అర్హత రిజిస్ట్రేషన్‌తో పాటే రావాలన్నది వాళ్ల నిర్ణయం. అమెరికా పద్ధతి వేరు. అక్కడ ఫార్మ్.డి. తర్వాత ఏడాది రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, కావాలంటే ఒక ప్రత్యేక విభాగంలో రెండో ఏడాది. మన ఇళ్ల పరిస్థితులకు బ్రిటన్ పద్ధతే దగ్గరని నా అభిప్రాయం. మందులు రాసే అధికారం నేను అడగడం లేదు. ఆ చర్చ వేరు, దానికి సమయం ఉంది. రాసిన మందును సరిగ్గా చూడగల కన్ను మా పిల్లలకు ఇవ్వమంటున్నాను.

మన దగ్గరా ఆనవాళ్లు లేకపోలేదు. పనిచేస్తున్న డి.ఫార్మ్ వాళ్లు పైకి రావడానికి బి.ఫార్మ్ ప్రాక్టీస్ అనే కోర్సుకు ఫార్మసీ కౌన్సిల్ 2014లోనే నిబంధనలు తెచ్చింది. అంటే వృత్తిలో ఉన్నవాళ్లకు వేరే దారి కావాలని కౌన్సిల్‌కు తెలుసు. డాక్టర్లను చూడండి. మెడికల్ కాలేజీ లేని ఆసుపత్రుల్లో కూడా నేషనల్ బోర్డు డీఎన్‌బీ అనే స్పెషలిస్టు పీజీ శిక్షణ ఇప్పిస్తోంది. ఆసుపత్రే బడి, రోగే పాఠం, పరీక్ష మాత్రం బయటివాళ్లది. డాక్టర్ల విషయంలో చెల్లిన పద్ధతి ఫార్మసిస్టుల విషయంలో ఎందుకు చెల్లదు?

ఆ శిక్షణ ఎలా ఉండాలో నా అనుభవం మేరకు చెబుతాను. రిజిస్ట్రేషన్ అయిన ఏడాదిలోపే మొదలవ్వాలి. రెండేళ్లలో పూర్తిచేసే వీలుండాలి, అవసరమైతే మూడేళ్లకు సాగదీసుకోనివ్వాలి. ఈ వృత్తిలోకి వస్తున్న వాళ్లలో అమ్మాయిలు చాలామంది. సరిగ్గా ఈ వయసులోనే పెళ్లి, కాన్పు వస్తాయి. ప్రసూతి సెలవు తీసుకుంటే కోర్సు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు ఉండి తీరాలి. థియరీ పాఠాలు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చు. నాకు అభ్యంతరం లేదు. కానీ వారానికి ఒక పూట డ్యూటీ రోస్టర్‌లోంచి పూర్తిగా తీసేసి శిక్షణకే ఇవ్వాలి. ఈ ఒక్క మాట దగ్గరే ఏ పథకమైనా నిలుస్తుంది, లేదా కూలుతుంది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పిల్లవాడిని పొద్దున్నే క్లాసులో కూర్చోమంటే అది శిక్షణ కాదు, శిక్ష. కౌంటర్‌లో రద్దీ పెరిగిందని ఆ పూటను కూడా లాక్కుంటే ఆ సంస్థకు శిక్షణ ఇచ్చే అర్హత తీసేయాలి.

పనిలో నేర్పేదానికి ఒక వరుస ఉండాలి. మొదట రోగి చేరగానే ఇంట్లో వాడుతున్న మందులన్నీ అడిగి రాసుకోవడం. ఇది తేలిక పని అనుకుంటారు. సంచీ తెప్పించి, స్ట్రిప్పులు మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ "ఇది ఎప్పుడు వేసుకుంటారమ్మా?" అని అడిగితే తప్ప అసలు సంగతి బయటపడదు. ఒకే మందు రెండు బ్రాండ్ పేర్లతో ఉండటం, ఆపేయమన్న మాత్ర ఇంకా నడుస్తుండటం అక్కడే దొరుకుతాయి. తర్వాత కిడ్నీ, లివర్ దెబ్బతిన్నప్పుడు డోసులు మార్చడం. తర్వాత యాంటీబయోటిక్స్. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుగారు చూసుకుంటారు, ఎప్పుడు ఆపాలో గుర్తుచేసేవాళ్లే కరువు. రక్తం పలచబరిచే మందులు, ఇన్సులిన్, కీమోథెరపీ లాంటి ప్రమాదకరమైన మందులు. దుష్ఫలితాలు కనపడితే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కు రిపోర్టు రాయడం. 2010 నుంచి దేశంలో ఈ ప్రోగ్రామ్ ఉంది. ఆ ఫారం ఒక్కసారి కూడా నింపని ఫార్మసిస్టులు నా దగ్గరికి ఉద్యోగానికి వస్తూనే ఉన్నారు. చివరగా డిశ్చార్జి. ఇంటికి వెళ్లే మనిషికి, ముఖ్యంగా ఇంట్లో మందులు ఇచ్చే మనిషికి, అర్థమయ్యే మాటల్లో చెప్పడం.

ప్రతి పదిమంది శిక్షణార్థులకు కాదు, ప్రతి ఇద్దరు ముగ్గురికి ఒక గైడ్ ఉండాలి. ఆ గైడ్ రోజూ వార్డులో పనిచేసే మనిషి అయి ఉండాలి. అంచనా వేసే తీరు కూడా మారాలి. మూడు గంటలు కూర్చుని పేపరు నింపడం ఈ పిల్లలకు బాగా వచ్చు, చిన్నప్పటి నుంచీ అదే చేశారు. రోగితో మాట్లాడుతుంటే పక్కన నిలబడి చూడాలి. తాను చూసిన కేసు తెచ్చి పెట్టమని, ఎందుకు అలా సలహా ఇచ్చావని అడగాలి. డాక్టరు ఒప్పుకోనప్పుడు ఏం చేశావని అడగాలి. లాగ్‌బుక్‌లో రాసిన కేసుల్లోంచి బయటి ఎగ్జామినర్ తనకు నచ్చినవి ఎంచుకుని ప్రశ్నించాలి. అప్పుడు ఒకరి లాగ్‌బుక్ ఇంకొకరు కాపీ కొట్టే ఆట సాగదు.

షాపుల్లో పనిచేసే వాళ్లను వదిలేయకూడదు. సాధారణ జనం ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే. వాళ్లకు నెలలో కొన్ని పూటలు దగ్గరలోని ఆసుపత్రి ఓపీలో, వార్డులో పని ఇవ్వాలి. ఆసుపత్రి పిల్లలు కూడా కొన్ని పూటలు షాపులో నిలబడాలి. డిశ్చార్జి చీటీలో మనం రాసింది బయట ఎలా చదువుతున్నారో వాళ్లకు తెలిసొస్తుంది. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒంటరిగా పనిచేసే ఫార్మసిస్టులకు జిల్లా ఆసుపత్రే శిక్షణ కేంద్రం కావాలి. ఈ శిక్షణ పూర్తిచేసి డిప్లొమా పొందిన వాళ్లు తర్వాత ఎం.ఫార్మ్‌కు వెళ్లాలనుకుంటే ఆ క్రెడిట్లు కలిసి రావాలి. చదివిందే మళ్లీ చదివించకూడదు.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఆసుపత్రి యాజమాన్యాల మొదటి మాట, "మేం నేర్పిస్తే వాళ్లు వేరేచోటికి వెళ్లిపోతారు." వెళ్తారు, కొందరు. ఇప్పుడు నేర్పించకపోయినా వెళ్తూనే ఉన్నారు కదా, అదీ మొదటి ఏడాదిలోనే. చదువు నడుస్తున్న రెండేళ్లూ అయినా ఉంటారు. వార్డులో ఒక్క పెద్ద ప్రమాదం తప్పితే మిగిలే డబ్బు, పరువు ఎంతో యాజమాన్యాలకు నేను చెప్పాల్సిన పని లేదు. సిబ్బంది తక్కువ, ఒక పూట వదలడం కుదరదంటారు. రోస్టర్ నేను వేస్తాను కాబట్టి చెబుతున్నాను, కుదురుతుంది. ఇష్టం ఉండాలి.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పార్ట్‌టైమ్ అంటే సర్టిఫికెట్లు అమ్ముకునే దుకాణాలు పుట్టుకొస్తాయని. నిజమే. సర్టిఫికెట్ షాపులో వేలాడుతూ, మనిషి ఎక్కడో ఉండే అద్దె పద్ధతి మన వృత్తిని ఎంత దిగజార్చిందో తలచుకుంటే బాధేస్తుంది. ఇలాంటి కోర్సును అడిగిన ప్రతి కాలేజీకీ ఇచ్చేస్తే రెండేళ్లలో దాని విలువ పోతుంది. అందుకే మొదట సొంత బోధనాసుపత్రి ఉన్న చోట్ల, రోజూ క్లినికల్ ఫార్మసిస్టులు రౌండ్స్‌కు వెళ్లే చోట్ల మాత్రమే అనుమతి ఇవ్వాలి. పరీక్ష శిక్షణ ఇచ్చిన సంస్థ చేతిలో ఉండకూడదు. సీట్లు ఎన్నో కాదు, గైడ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి సీట్లు ఇవ్వాలి. ఇవి కష్టమైన షరతులు. కష్టంగానే ఉండనివ్వండి.

డాక్టర్లు ఒప్పుకోరని మూడో మాట. నా అనుభవం వేరు. లెక్కతో, మర్యాదతో, రోగి పేరు తెలుసుకుని వచ్చిన ఫార్మసిస్టు మాటను కాదన్న డాక్టర్లను నేను తక్కువగానే చూశాను. ఫోన్‌లో "సార్, డోసు తప్పు" అంటే ఎవరైనా చిరాకుపడతారు. అలా చెప్పకూడదని నేర్పడం కూడా ఈ శిక్షణలో భాగమే.

1948 నాటి ఫార్మసీ చట్టం స్థానంలో నేషనల్ ఫార్మసీ కమిషన్ తెచ్చే ముసాయిదా బిల్లును కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో ప్రజల అభిప్రాయానికి పెట్టింది. చట్టం మార్చే ఆలోచన ఉన్నప్పుడే ఈ మాట అందులోకి ఎక్కాలి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను, మన రెండు తెలుగు రాష్ట్రాల ఫార్మసీ కౌన్సిళ్లను, ఆరోగ్య విశ్వవిద్యాలయాలను నేను కోరేది ఇది. రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని బోధనాసుపత్రులను ఎంచుకుని ఈ డిప్లొమాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న ఫార్మసిస్టులకు వారంలో ఒక పూట ఆన్‌డ్యూటీగా లెక్కించే ఉత్తర్వు ఇవ్వండి. క్లినికల్ ఫార్మసిస్టు పోస్టుల భర్తీలో ఈ అర్హతకు వెయిటేజీ ఇవ్వండి. ఫీజును కొత్త ఉద్యోగి జీతంలో వాయిదాల మీద కట్టగలిగేంతగా ఉంచండి.

మా విభాగంలో ముగ్గురు శిక్షణార్థులకు చోటు ఇవ్వడానికి, వాళ్లకు గైడ్‌గా ఉండడానికి నేను సిద్ధం. దీనికి మా యాజమాన్యం అనుమతి కూడా తీసుకున్నాను. నాలాగే పనిచేస్తున్న సీనియర్ ఫార్మసిస్టులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, అడిగితే ముందుకు వస్తారు. అడగమని మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆసుపత్రి ఫార్మసీ విభాగం బాధ్యురాలు